‘సినిమా ఎలా ఉంది?’ అని అడిగితే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

శుక్రవారం పొద్దున పది దాటితే చాలు, ఆఫీసులో, కాలేజీ క్యాంటీన్‌లో, ఇంట్లో ఒకటే ప్రశ్న: “ఎలా ఉందంట?” మొదటి ఆట చూసొచ్చినవాడు ఆ పూటకి పెద్దమనిషి. అందరూ వాడి చుట్టూ మూగుతారు. వాడేమో “బాగానే ఉంది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్” అని తేల్చేస్తాడు. వచ్చిన తెలుగు సినిమాల్లో సగానికి ఈ ఒక్క ముక్క అతికిపోతుంది. విన్నవాడికి టికెట్ బుక్ చేసుకోవాలో వద్దో అప్పటికీ తెలీదు.

టికెట్ కొనాలా వద్దా అన్నది మీరు తేల్చే విషయం కాదు, అడిగినవాళ్లు తేల్చుకునే విషయం. వాళ్లు తేల్చుకోవడానికి కావలసిన సరుకు ఇవ్వడం వరకే మన పని. హిట్టా ఫట్టా అన్న తీర్పు అందులో ఆఖరిది, అన్నిటికంటే చిన్నది. ఈ వరస పట్టుబడితే మిగతాదంతా అలవాటు మీద వచ్చేస్తుంది.

1. వెళ్లేముందు చెవులు మూసుకోండి

అమెరికా ప్రీమియర్లు చాలాసార్లు మన ఆటలకంటే ముందే పడతాయి. న్యూజెర్సీలో గురువారం సాయంత్రం 6 గంటల ఆట అంటే మనకు వేసవిలో శుక్రవారం తెల్లవారుజామున 3.30, చలికాలంలో 4.30. అక్కడ ఇంటర్వెల్ పడగానే ఇక్కడ ఫోన్లు మోగుతాయి. మీరు పళ్లు తోముకునేలోపే సినిమా జాతకం రాసేసి ఉంటారు. ఆ టాక్ విని హాల్లో కూర్చుంటే చూసేది సినిమాని కాదు, టాక్ నిజమా కాదా అని తనిఖీ చేస్తుంటారు. “సెకండాఫ్ పోయిందట” అని ముందే చెవిన పడితే, ఇంటర్వెల్ తర్వాత వచ్చే మొదటి నెమ్మది సీనుకే “ఆఁ, ఇదే అది” అనేసుకుంటారు.

అందుకని ముందు రోజు రాత్రే వాట్సాప్ గ్రూపుల్ని మ్యూట్‌లో పడేయండి. ట్రైలర్ చూస్తే తప్పులేదు. సినిమావాళ్లు మనకిచ్చిన మాట అది. యాక్షన్ సినిమా అని చూపించి ప్రేమకథ వడ్డించారా, కామెడీ అని పిలిచి ఏడిపించారా అన్నది తర్వాత చెప్పడానికి పనికొస్తుంది.

2. హాల్లో ఫోను జేబులోనే ఉండనివ్వండి

స్టేటస్‌లో పెట్టుకోవడానికి హీరో ఎంట్రీ పది సెకన్లు తీయడం మనవాళ్లకి ఆచారమైపోయింది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా థియేటర్‌లో సినిమాని కాపీ చేసే ఉద్దేశంతో రికార్డు చేస్తే కనీసం 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా. నాది పది సెకన్లే, నాకేం ఉద్దేశం లేదు అని స్టేషన్‌లో వాదించుకునే అవసరం ఎందుకు? చట్టం సంగతి అటుంచితే, పక్కసీటువాడి కళ్లలో మీ ఫోన్ వెలుగు కొడుతుంది. ఆ ఎంట్రీ ఇంకా చూడనివాళ్లకి దాని రుచి కూడా పోతుంది.

ఫోన్‌కి బదులు బుర్రలో మూడు సీన్లు దాచుకోండి: బాగా పట్టుకున్నది ఒకటి, విసుగు పుట్టించింది ఒకటి, ఎటూ తేల్చుకోలేనిది ఒకటి. మూడోది అన్నిటికంటే పనికొస్తుంది. ఇంటికొచ్చాక స్నేహితులతో గంటసేపు మాట్లాడేది దాని గురించే.

హాలు మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ నిశ్శబ్దమైపోయారు, ఎక్కడ ఫోన్ తెరలు మిణుకుమిణుకుమన్నాయి? వరసల్లో ఫోన్లు వెలగడం మొదలైందంటే సినిమా చేయి జారుతోందని అర్థం. ఇంతకంటే నిజాయితీ ఉన్న రివ్యూ నేను ఎక్కడా చదవలేదు.

కాకపోతే ఏ ఆటకి ఏ జనం అన్నది మరిచిపోకండి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్యలోనో సుదర్శన్‌లోనో అభిమానుల మధ్య మొదటి ఆట చూస్తే సగం డైలాగులు ఈలల్లో కొట్టుకుపోతాయి. కాగితాలు ఎగురుతుంటే తెరే సరిగ్గా కనపడదు. అక్కడ పేలిన సీను, ఆదివారం మధ్యాహ్నం మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ నములుకుంటూ చూసేవాళ్ల ముందు తుస్సుమనొచ్చు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మధ్య చూశారో చెప్పకుండా చెప్పే అభిప్రాయం సగం అభిప్రాయమే.

3. ఇంటర్వెల్‌లో నోరు కట్టేసుకోండి

“ఫస్టాఫ్ బ్లాక్‌బస్టర్, సెకండాఫ్ యావరేజ్‌గా ఉన్నా చాలు” అనే మెసేజ్ ఎన్నిసార్లు చూసుంటారో లెక్కలేదు. సమోసా చేతిలో పెట్టుకుని రాసే ఈ వాక్యాన్ని నమ్మకూడదు. ఎందుకో చెప్తాను.

మన కమర్షియల్ సినిమాలో ఇంటర్వెల్ బ్యాంగ్ అని ఒకటి ఉంటుంది. కథ రాసేవాళ్లు దానికోసం విడిగా కూర్చుంటారు. అప్పటిదాకా గంటంబావు ఎలా నడిచినా, చివరి పది నిమిషాల్లో ఒక పెద్ద ఫైటో, ఒక రహస్యం బయటపడటమో, విలన్ హీరో ఎదురుపడటమో పెట్టి, బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, తారస్థాయికి తీసుకెళ్లి లైట్లు వేస్తారు. మీరు బయటికొచ్చేది ఆ ఊపులో. ఆ ఊపుకి ముందున్న నలభై నిమిషాల హీరోయిన్ ట్రాక్ ఎంత చప్పగా ఉందో అప్పుడు గుర్తుండదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. మనుషుల్ని పరిచయం చేసుకుంటూ, ఊరిని చూపించుకుంటూ నెమ్మదిగా వెళ్లే సినిమా ఇంటర్వెల్‌కి చల్లగానే ఉంటుంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. నాలుగు ప్రేమకథలు విడివిడిగా సాగుతుంటే ఇవన్నీ ఎందుకు చూపిస్తున్నాడా అనిపిస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు ఆఖర్లోనే దొరుకుతుంది. అలాంటి సినిమాకి సగంలో లేచి “నీరసంగా ఉంది” అని మెసేజ్ పెడితే, చదివిన పదిమంది మళ్లీ అటు తొంగిచూడరు.

సినిమా అయిపోయాక కూడా ఒక కాఫీ తాగేంత సమయం ఇవ్వండి. పార్కింగ్‌లోంచి బండి బయటికి వచ్చేసరికి ఏం మిగిలిందో అదే మీ అభిప్రాయం. గేటు దగ్గర మైకులు పట్టుకుని నిలబడే యూట్యూబ్ కుర్రాళ్లకి మాత్రం ఈ సలహా నచ్చదు.

4. అడిగింది ఎవరో చూడండి

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. “ఎలా ఉంది?” అన్నది ఒక్క ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, అడిగేవాళ్లని బట్టి దాని లోపలి ప్రశ్న మారిపోతుంది. లోపలిదానికి జవాబు చెప్పాలి.

పక్కింటి అక్క అడిగిందనుకోండి. ఆమెకి స్క్రీన్‌ప్లే మీద మీ ఆలోచనలు అక్కర్లేదు. “పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? మా అత్తయ్యగారు పక్కన కూర్చుంటే ఇబ్బందిపడే సీన్లున్నాయా? నిడివెంత, బుడ్డోడు కూర్చుంటాడా?” అడక్కుండానే అడిగిన ప్రశ్నలివి. ఇక్కడ సెన్సార్ సర్టిఫికెట్ మీకు సాయం చేస్తుంది. పిల్లలు పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాలకి ఇదివరకు యూ/ఏ అని ఒకటే ముద్ర ఉండేది. 2024 నిబంధనలతో దాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడగొట్టారు. ఆ అంకె చెప్పి, దాని పక్కన మీరు చూసింది చేర్చండి: “పదహారు ప్లస్ అక్కా. నరుకుడు బాగా ఉంది, క్లైమాక్స్‌లో తల తెగే షాట్ నేరుగా చూపించాడు. చిన్నోడు రాత్రి పడుకోడు.” ఈ మూడు ముక్కలతో ఆమె పని అయిపోయింది.

మీ మామ, అంటే చుట్టరికం మామ కాదు, బెంచీమేట్ మామ, హీరోకి వీరాభిమాని. “మామా, మనోడు ఎలా చేశాడ్రా?” వాడు టికెట్ ఎప్పుడో కొనేశాడు. వాడికి కావలసింది కొనాలా వద్దా అన్నది కాదు, ఏమేరకు ఆశపెట్టుకుని వెళ్లాలన్నది. “ఎంట్రీ మామూలుగా ఉంది, ఎక్కువ ఊహించుకోకు. ఇంటర్వెల్ ఫైట్‌కి మాత్రం గొంతు పోతుంది” అని చెప్పండి. వాడు సరైన చోట అరుచుకుంటాడు.

ఓటీటీలో చూద్దాంలే అనేవాడు మూడోరకం. చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలోకి వచ్చేస్తున్నప్పుడు వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. వాడికి కథ బాగుందా లేదా అని కాదు, పెద్ద తెర, పెద్ద సౌండు లేకపోతే ఏం పోతుందో చెప్పాలి. ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే కథ ఇంట్లో కూడా అంతే బాగుంటుంది. సముద్రం మీద తుపానులో తీసిన అరగంట ఇంట్లో ఉండదు. నలుగురితో కలిసి నవ్వితేనే పండే కామెడీ కూడా ఇంట్లో సగమే పండుతుంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

డబ్బు సంగతి కూడా మొహమాటపడకుండా మాట్లాడుకోవాలి. పెద్ద సినిమాలకి చాలాసార్లు మొదట్లో కొన్ని రోజులు ప్రభుత్వ అనుమతితో రేట్లు పెంచుకుంటారు. నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి ఎంతవుతుందో మీకూ తెలుసు. “సినిమా బాగుంది, కానీ ఈ రేటుకి కాదు, రెండో వారంలో వెళ్లు” అన్నది నిఖార్సైన అభిప్రాయం. దీన్ని పిసినారితనం అనుకునేవాళ్లతో నాకు పేచీ.

సంక్రాంతికైతే ప్రశ్న ఇంకో రకంగా వస్తుంది. 2025లో జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ దిగాయి. అయిదు రోజుల్లో మూడు. అప్పుడెవరూ “ఇది ఎలా ఉంది” అని అడగరు, “మూడింట్లో దేనికి వెళ్లాలి” అంటారు. పండక్కి ఊరొచ్చిన ఉమ్మడి కుటుంబం ఒకే ఒక్క సినిమాకి వెళ్తుంది. మూడూ చూసి ఉంటేనే పోల్చండి. ఒకటే చూసినవాడు మిగతా రెండిటి మీద విన్నది చెప్పడం మొదలుపెడితే, అది విన్నదని కూడా చెప్పాలి.

5. ఖాళీ మాటల్ని విప్పి చెప్పండి

రొటీన్, ల్యాగ్, ఓవరాల్‌గా ఓకే, వన్ టైమ్ వాచబుల్, కనెక్ట్ అవ్వలేదు. ఈ మాటలు తప్పని కాదు, అందరం వాడతాం. ఒక్కోదాని వెనక ఒక్క సీను చూపించకపోతే మాత్రం గాలిమాటలు.

ఉదాహరణకి లేని సినిమా ఒకటి అనుకుందాం. గోదావరి లంకలో ఒక పడవవాడు, కట్టబోయే వంతెన, దానివల్ల పోయే వాడి బతుకుతెరువు. దీని గురించి ఒకాయన ఇలా చెప్తాడు: “కథ రొటీన్. ఫస్టాఫ్ ల్యాగ్. హీరో బాగా చేశాడు. మ్యూజిక్ పర్లేదు. రెండున్నర ఇవ్వొచ్చు.”

అదే సినిమాని మీరు ఇలా చెప్పొచ్చు: “కాంట్రాక్టర్ విలన్, ఊరికోసం నిలబడే హీరో, ఈ వరస మనకి కొత్త కాదు. కొత్తదల్లా ఆ పడవ పని. తెడ్డు వేయడం, వరద నీళ్ల రంగు చూసి ఎంత వేగంగా వస్తోందో చెప్పడం, అదంతా తెలిసినవాడు రాశాడు. మొదటి గంటలో సిటీ నుంచి వచ్చిన ఇంజినీరమ్మాయితో రెండు పాటలు, రెండు కామెడీ సీన్లు ఉన్నాయి. అవి తీసేసినా కథలో చిల్లు పడదు, అక్కడే నాకు విసుగొచ్చింది. తండ్రి పడవ అమ్మేసే సీను కోసం నేనైతే మళ్లీ వెళ్తా.”

రెండోదాంట్లో రేటింగ్ లేదు. అయినా గోదావరి మనుషుల కథలంటే ప్రాణం పెట్టేవాడు టికెట్ కొంటాడు, పాటలకి లేచి బయటికెళ్లేవాడు ఎప్పుడు లేవాలో తెలుసుకుంటాడు, కొత్త కథ కావాలనేవాడు ఆగిపోతాడు. ముగ్గురికీ ఒకే మాట చెప్పి మూడు నిర్ణయాలు చేయించారు మీరు.

“కనెక్ట్ అవ్వలేదు” అన్నప్పుడు ఇంకో పని చేయండి: ఎక్కడ తెగిందో వెనక్కి వెళ్లి వెతకండి. చెల్లెలు చనిపోయే సీనులో మీకు కన్నీరు రాలేదంటే, సాధారణంగా లోపం ఆ సీనులో ఉండదు. అంతకుముందు గంటలో ఆ చెల్లెలికి రెండు డైలాగులే ఇచ్చుంటారు, అక్కడ ఉంటుంది.

6. తప్పుని సరైన ఖాతాలో వేయండి

“డైలాగులు వినపడలేదు, సౌండ్ దరిద్రం” అని సినిమాని తిట్టేముందు, అదే సినిమా ఇంకో హాల్లో చూసినవాడిని అడగండి. తెర వెనక మధ్య స్పీకర్ నీరసంగా ఉంటే బీజీఎం మోగుతుంది, మాటలు మాత్రం గొణుగుడైపోతాయి. ప్రొజెక్టర్ దీపం పాతబడినా, వెలుగు తగ్గించి నడిపినా రాత్రి సీన్లన్నీ బొగ్గే. త్రీడీ అయితే కళ్లద్దాలు ఇంకొంత వెలుతురు తినేస్తాయి. ఇవి హాలు పాపాలు. హాలు పేరు చెప్పి విడిగా చెప్పండి, వెళ్లేవాళ్లు వేరే చోట బుక్ చేసుకుంటారు.

ఎడిటర్‌ని తిట్టడం కూడా మనకి సరదా అయిపోయింది. సాగదీశారు అనిపిస్తే చాలు, “ఎడిటింగ్ వీక్”. సీను లోపల షాట్లు అవసరానికి మించి నిలబడితే అది ఎడిటింగ్ మాట. ఆ సీనే అక్కర్లేకపోతే అది రాత దగ్గరే పడిన తప్పు. దర్శకుడు ఉంచమన్నదాన్ని ఎడిటర్ తన ఇష్టానికి లేపేయలేడు.

డబ్బింగ్ సినిమాలైతే ఏ భాషలో చూశారో మొదటే చెప్పాలి. మలయాళం ‘ప్రేమలు’ 2024 ఫిబ్రవరిలో వచ్చింది, తెలుగులో మార్చి 8న విడుదలైంది. కథ నడిచేది హైదరాబాద్‌లో. తెలుగు మాటల్ని ఇక్కడి కుర్రాళ్ల వాడుకలోకి, ఇక్కడి మీమ్స్ జోకుల్లోకి మలిచి రాశారు. సబ్‌టైటిళ్లతో మలయాళంలో చూసినవాడు, తెలుగులో చూసినవాడు ఒకే సీనుకి వేరే కారణంతో నవ్వుంటారు. ఇద్దరూ కూర్చుని కామెడీ గురించి కొట్టుకుంటే తెల్లారిపోతుంది గానీ తేలదు.

ఏ వెర్షన్ అన్నది కూడా ఇప్పుడు అడగాల్సి వస్తోంది. టాక్ చూసి మొదటి వారంలోనే నిడివి కత్తిరించే సినిమాలున్నాయి. ‘పుష్ప 2’కి అయితే 2025 జనవరి 17 నుంచి మరో 20 నిమిషాలు కలిపి రీలోడెడ్ వెర్షన్ అని వేశారు. డిసెంబరులో చూసినవాడు, సంక్రాంతి దాటాక చూసినవాడు ఒకే సినిమా చూడలేదు.

7. కథ ఎక్కడిదాకా చెప్పొచ్చు

ట్రైలర్‌లో చూపించింది, మొదటి ఇరవై నిమిషాల్లో జరిగేది చెప్పుకోవచ్చు. ఆ తర్వాతిది అడిగితేనే. నేను పాటించే గీత ఇదే, మీరు ఇంకొంచెం ముందుకో వెనక్కో జరుపుకోండి.

ట్విస్ట్ ఏంటో చెప్పకపోయినా “ట్విస్ట్ అదిరింది” అనడం కూడా సగం చెప్పేసినట్టే. విన్నవాడు ప్రతి పాత్రనీ అనుమానంగా చూస్తూ కూర్చుంటాడు. అతిథి పాత్రల విషయంలో మనవాళ్లు మరీ ఘోరం. ఆఖర్లో ఒక పెద్ద హీరో రెండు నిమిషాలు కనిపిస్తే, ఆ పేరు మొదటి ఆట ఇంటర్వెల్‌కే ఊరంతా పాకిపోతుంది.

దీనికి ఒక పెద్ద మినహాయింపు మన దగ్గరే ఉంది. కట్టప్ప బాహుబలిని చంపాడన్నది 2015 జులై 10న వచ్చిన మొదటి భాగం ఆఖరి సీను. మామూలు లెక్కలో అంతకు మించిన స్పాయిలర్ లేదు. ‘ఎందుకు చంపాడు’ అన్న ప్రశ్నగా మారేసరికి అదే 2017 ఏప్రిల్ 28 దాకా రెండో భాగానికి కాపలా కాసింది. చిన్నపిల్లలు కూడా అడిగేవాళ్లు. ఏం జరిగిందో చెప్పినా ఎందుకు జరిగిందో దాచితే ఆసక్తి చావదని అప్పుడు తెలిసింది. అడిగినవాడు మరీ పట్టుబడితే ఈ దారి వాడుకోండి.

గ్రూపులో రాసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. మెసేజ్ తెరవకపోయినా మొదటి రెండు వరసలు నోటిఫికేషన్‌లో కనిపిస్తాయి. అందుకని ‘స్పాయిలర్ ఉంది, చూడనివాళ్లు ఆగండి’ అన్న ముక్క ముందు పెట్టి, కొన్ని ఖాళీ వరసలు వదిలి, అప్పుడు విషయం రాయండి. టెలిగ్రామ్‌లో అయితే ఆ వాక్యాన్ని నొక్కితేగానీ కనపడకుండా మసకబార్చే సదుపాయం ఉంది.

8. రేటింగులు, కలెక్షన్లు వేరే గదిలో పెట్టండి

అయిదుకి రెండూ ముప్పావు అన్న అంకె ఒక మనిషి ఇస్తే దానికి కొంత అర్థం ఉంది, ఆ మనిషి రుచి మీకు తెలుసు కాబట్టి. వెబ్‌సైట్లలో పదికి ఇంత అని వేలమంది వేసే ఓట్ల సగటులో అభిమానుల పదులు, యాంటీ ఫ్యాన్స్ ఒకట్లు కలిసి ఉంటాయి. మీరు అంకె ఇవ్వక తప్పకపోతే, మీరు ఇదివరకు దేనికి ఎంత ఇచ్చారో పక్కనే చెప్పండి.

కలెక్షన్లు అభిప్రాయం కాదు. పోస్టర్ మీద వేసేది మామూలుగా గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులోంచి జీఎస్టీ పోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్‌కి 5 శాతం, ఆపైన 18 శాతం. మిగిలినదాంట్లో థియేటర్ వాటానో అద్దెనో పోగా డిస్ట్రిబ్యూటర్‌కి దక్కేది షేర్. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలవారీగా అమ్మిన రేటుకి ఆ షేర్‌ని పోలిస్తే బ్రేక్ ఈవెన్ అయిందో లేదో, అంటే కొన్నవాడి డబ్బు తిరిగొచ్చిందో లేదో తెలుస్తుంది. ఒకడి గ్రాస్‌ని ఇంకొకడి షేర్‌తో పోల్చి అర్ధరాత్రి దాకా కొట్టుకునే గ్రూపులు నాకు తెలుసు. ఈ లెక్కలు మాట్లాడుకోవడం సరదానే, నేనూ మాట్లాడతాను. “సినిమా నాకు నచ్చలేదు” అన్నవాడికి “వంద కోట్లు వచ్చింది తెలుసా” అని జవాబు చెప్పకపోతే చాలు.

9. అభిమానితో మాట్లాడాల్సి వస్తే

నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. తొలి మూడు రోజులు రివ్యూలు ఆపించాలని తమిళ నిర్మాతల సంఘం కోరితే, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. హక్కు ఉందని, అభిమాని కటౌట్‌కి దండ వేస్తున్నప్పుడే చెప్పక్కర్లేదు. ఆ పూట వాడిది పండగ. సోమవారం చెప్పండి.

చెప్పేటప్పుడు హీరోని, సినిమాని విడదీయండి. “నీ హీరో పని అయిపోయింది” అంటే గొడవ. “ఇంత చేయగలిగినవాడికి ఈ కథ సరిపోలేదు” అంటే, వాడే మెల్లగా “అవున్రా, ఆ డైరెక్టర్‌కి డేట్లు ఇవ్వకుండా ఉండాల్సింది” అంటాడు. చూశాను, చాలాసార్లు పనిచేస్తుంది. పాత ఫ్లాపుల జాబితా తీయకండి. వాడి దగ్గర మీ హీరోది కూడా ఉంటుంది.

హీరోయిన్ లావైందనో, ఫలానా నటుడు నల్లగా ఉన్నాడనో, ఫలానా కులంవాళ్లు కాబట్టి ఆడించారనో మొదలైతే అక్కడ సినిమా మాట అయిపోయింది. లేచి టీ తెచ్చుకోండి.

10. మాట మార్చుకోవడానికి చోటు ఉంచుకోండి

‘ఖలేజా’, ‘ఆరెంజ్’ రెండూ 2010 చివర్లో వచ్చాయి. అప్పుడు రెండిటికీ కష్టకాలమే. ‘ఆరెంజ్’ని 2023 మార్చిలో, ‘ఖలేజా’ని 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు హాళ్లు నింపి, డైలాగులూ పాటలూ తెరతో పాటు తామూ అందుకున్నారు. ఆ కుర్రాళ్లలో చాలామంది మొదటిసారి వచ్చినప్పుడు బడిపిల్లలు. 2010లో నచ్చనివాళ్లు తెలివితక్కువవాళ్లని దీని అర్థం కాదు. వాళ్లు వేరే సినిమా ఆశించి వెళ్లారు.

రెండోసారి చూసి మనసు మారితే ఆ సంగతి చెప్పండి, ఎందుకు మారిందో కూడా చెప్పండి. మొదటి మెసేజ్ తుడిచేయకండి. ముందు ఏమనుకున్నారు, తర్వాత ఏమనుకున్నారు అని రెండూ పక్కపక్కన ఉంటే వాదనకి అందం వస్తుంది.

11. చిన్న సినిమాకి మాత్రం త్వరపడండి

ఇప్పటిదాకా ఆగండి, ఆగండి అన్నాను. తారలు లేని సినిమా విషయంలో తొందరపడమంటాను. పెద్ద సినిమాకి మీ మాట పెద్దగా లెక్కలోకి రాదు, మొదటి మూడు రోజుల టికెట్లు ముందే తెగి ఉంటాయి. చిన్న సినిమాకి శుక్రవారం నాలుగు ఆటలు ఇచ్చిన హాలు, జనం లేకపోతే సోమవారానికి ఒక్క ఆటకి కుదించేస్తుంది, అదీ ఎవరూ రాలేని పొద్దున పదిన్నరకి. వచ్చే శుక్రవారానికి అదీ ఉండదు. ‘బలగం’ 2023 మార్చి 3న వచ్చినప్పుడు అందులో పెద్ద తారలెవరూ లేరు. చూసినవాళ్లు ఇంటికెళ్లి అన్నదమ్ములకి చెప్పారు. తర్వాత తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసేదాకా వెళ్లింది.

అలాంటిది మీకు తగిలితే ఆదివారం మధ్యాహ్నంలోపు చెప్పేయండి. “మంచి సినిమా, అందరూ చూడాలి” అని ఫార్వర్డ్ చేస్తే ఎవడూ కదలడు. ఏ హాల్లో ఆడుతోంది, ఆట ఎన్ని గంటలకి, టికెట్ ఎంత, పార్కింగ్ ఉందా, నిడివి ఎంత అని రాయండి. గ్రూపులో అందరికీ ఒకేసారి పడేయకుండా, ఎవరికి నచ్చుతుందో ఆలోచించి నలుగురికి విడివిడిగా ఫోన్ చేయండి. “రాత్రి తొమ్మిదిన్నర ఆటకి నేను మళ్లీ వెళ్తున్నా, నీకూ ఒకటి తీయమంటావా?” అని అడిగితే ఇద్దరైనా వస్తారు.